పడవని అడ్డంగా కోసి... పన్నెండడుగులు పెంచారు!

ఇంగ్లండ్ కాలువల్లో తిరిగే పడవల్ని మొదటిసారి చూస్తే నవ్వొస్తుంది. మన ఆర్టీసీ బస్సుని రెండు పక్కల నుంచీ నొక్కి సన్నగా చేసి, అలాంటివి రెండు వరసగా అతికిస్తే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటాయి. వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. పొడవు మాత్రం 70 అడుగుల దాకా పోతుంది. పేరు కూడా దాపరికం లేకుండా ‘నారోబోట్’ అని పెట్టేశారు. సన్న పడవ. అంతే.

ఒకప్పుడు వీటిలో బొగ్గు మోసేవాళ్లు. ఇప్పుడు కాపురాలు ఉంటున్నారు. లోపల స్టవ్వు, మంచం, అగ్గిపెట్టంత బాత్రూమ్, కిటికీలో పుదీనా కుండీ. ఇంటి అద్దెలు భరించలేక పడవ కొనుక్కున్న కుర్రజంటలు ఏ గట్టు మీద నడిచినా కనిపిస్తారు.

కాపురం అన్నాక పిల్లలు పుడతారు. ఇల్లు చాలదు. మన ఊళ్లో అయితే పైన ఇంకో స్లాబ్ వేస్తాం, లేదంటే పెరట్లో ఒక రేకుల గది దింపుతాం. పడవకి ఆ వెసులుబాటు లేదు. పైకి లేపితే వంతెన కింద దూరదు. పక్కకి పెంచితే లాకులో పట్టదు. ఇక మిగిలిన దిక్కు ఒక్కటే... పొడవు. అందుకని పాత ఇనప పడవని అడ్డంగా రెండు ముక్కలు కోసి, మధ్యలో కొత్త ముక్క పెట్టి మళ్లీ అతికేస్తారు! వినడానికి సర్కస్‌లో మ్యాజిక్‌లా ఉంటుంది గానీ, ఇక్కడ ఇది మామూలు పనే. అలాంటి ఒక పడవని మొదటి కోత నుంచి చివరి తారు పూత దాకా దగ్గరుండి చూశాను.

కోవెంట్రీ నుంచి ఐదున్నర మైళ్లు

నేను చదువుకుంటున్న కోవెంట్రీలో మన తెలుగు వాళ్లకి కొదవ లేదు. సిటీ సెంటర్లో రెండు నిమిషాలు నిలబడితే ‘ఏరా మామా’ అనే పిలుపు ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. కానీ ఊరి నడుమే ఒక కాలువ ఉందనీ, దాని గట్టున 5.5 మైళ్లు నడుచుకుంటూ పోవచ్చనీ చాలామంది పట్టించుకోరు. పైసా ఖర్చు లేని టూరు ఇది. ‘కెనాల్ బేసిన్’ అనే చోట మొదలవుతుంది. అక్కడ జేమ్స్ బ్రిండ్లీ విగ్రహం ఉంటుంది. 18వ శతాబ్దంలో ఈ దేశపు కాలువలకి రూపం ఇచ్చిన ఇంజనీరు ఆయన. 1769లో బొగ్గు గనుల నుంచి కోవెంట్రీకి తవ్విన మొదటి ముక్క ఇదే.

గట్టు వెంట పాత మిల్లులు, పడిపోయిన గోడల మీద గ్రాఫిటీ, బాతులు, ఫిషింగ్ రాడ్ పట్టుకుని మునిలా కూర్చున్న ముసలాళ్లు. రెండు గంటల్లో హాక్స్‌బరీ జంక్షన్ వస్తుంది. కోవెంట్రీ కాలువ, ఆక్స్‌ఫర్డ్ కాలువ కలిసే చోటు. పోత ఇనుముతో చేసిన వంతెన, పాత ఇంజన్ హౌసు, నీళ్లకి ఆనుకుని ఒక పబ్బు. ఆ పబ్బు ముందు కూర్చునేవాళ్లకి పడవలు మలుపు తిరగడమే సినిమా. ఒక కాలువ నుంచి రెండో దాంట్లోకి వెళ్లాలంటే పడవని దాదాపు వెనక్కి తిప్పినంత పని. సరిగ్గా తిరిగితే చప్పట్లు, గోడకి కొట్టుకుంటే ఇంకా పెద్ద చప్పట్లు.

ఇక్కడే ఒక లాకు ఉంది. మామూలుగా లాకు అంటే పడవని ఏడెనిమిది అడుగులు ఎక్కించడమో దించడమో చేస్తుంది. ఇది మాత్రం అడుగు లోపే. మరి ఎందుకు కట్టినట్టు? రెండు కాలువలూ రెండు కంపెనీలవి. ‘మా నీళ్లు మీ కాలువలోకి పోతే ఒప్పుకోం’ అని గొడవ. అంతకుముందు టోలు డబ్బుల పంతంతో ఈ రెండు కాలువల్నీ కలపకుండా మైలు దూరం పక్కపక్కనే తవ్వుకుంటూ పోయారట. మన పొలం గట్ల తగాదాలు వీళ్లకేం కొత్త కాదు.

‘లాకు’ అన్న మాట నాకు ఇక్కడికి వచ్చాక నేర్చుకోవాల్సిన అవసరం రాలేదు. మాది కోనసీమ. ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం... అన్నిచోట్లా లాకులే. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువలు నీళ్లు పారించడానికే కాదు, పడవలు నడపడానికి కూడా పనికొచ్చాయి. మా నాన్నకి వీడియో కాల్‌లో ఇక్కడి లాకు చూపిస్తే, “ఏరా, చదువుకోడానికి పంపిస్తే లాకులు చూసుకుంటూ తిరుగుతున్నావా?” అని నవ్వి, “తలుపులు మాత్రం మనవే పెద్దవి” అని తేల్చేశారు. నిజమే. ఇక్కడి లాకు 7 అడుగుల వెడల్పు సందు. రెండు చేతులూ చాపితే అటూ ఇటూ గోడలు తగులుతాయేమో అనిపిస్తుంది.

ఆ ఏడడుగుల సందే ఈ కథకి మూలం. ఇక్కడి ఇరుకు లాకుల్ని సుమారు 72 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పుతో కట్టారు. రెండొందల యాభై ఏళ్ల కిందట ఆ కొలత ఖాయం చేశారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఎవరి పడవైనా, ఎంత డబ్బున్న వాడైనా, ఆ సందులో దూరేటట్టే కట్టుకోవాలి.

కొలత తప్పితే అమ్మమ్మ ఇల్లు లేదు

జంక్షన్ దాటి ఆక్స్‌ఫర్డ్ కాలువ వెంట కాస్త దూరం పోతే చిన్న బోట్‌యార్డు ఒకటి ఉంది. నాలుగైదు పడవలు నీళ్లలోంచి బయటికి తీసి దిమ్మల మీద పెట్టి ఉంటాయి. ఒక ఆదివారం నేనూ, కాకినాడ కుర్రాడైన మా రూమ్మేటూ అటుగా వెళ్తే, గట్టున నిలబెట్టిన ఒక పాత పడవకి సుద్దతో చుట్టూ గీత గీసి ఉంది. నడుముకి మొలతాడు కట్టినట్టు.

“ఇదేంట్రా, ఇక్కడ కోస్తారా ఏంటి?” అన్నాడు వాడు జోక్‌గా.

“అక్కడే కోస్తాం” అన్నాడు వెనక నుంచి ఒక పెద్దాయన, మావాడి వేలు చూపించిన చోటుని బట్టి అర్థం చేసుకుని. ఆయన ఆ యార్డులో వెల్డరు. అరవై దాటి ఉంటాయి. ఆ తర్వాత వరసగా వారాంతాలు మేం అక్కడే తేలాం.

పడవ 1970ల చివర్లో కట్టింది. 45 అడుగులు. యజమానులు ముప్ఫైల్లో ఉన్న జంట. ఆవిడ నర్సు, అతను సైకిళ్లు బాగుచేస్తాడు. ఆవిడకి ఆరో నెల. బిడ్డ పుట్టేలోగా ఒక చిన్న గది కావాలి. పడవ అమ్మేసి పెద్దది కొనుక్కోవచ్చుగా అంటే, ధరలు విని నాకే కళ్లు తిరిగాయి. అదీకాక ఈ పడవలోనే వాళ్ల పెళ్లి కుదిరిందట.

మరి ఎంత పెంచాలి? నేనైతే ఆలోచించకుండా 70 అడుగులు అనేవాణ్ని. కోయడం ఎలాగూ కోస్తున్నారు, అతకడం ఎలాగూ అతుకుతున్నారు. ఆ మాటే అంటే ఆవిడ కాలువల మ్యాపు తెచ్చి బల్ల మీద పరిచింది.

అక్కడ తెలిసింది అసలు సంగతి. ఇరుకు కాలువల్లో లాకు 72 అడుగులు ఉన్నా, దేశమంతా అదే కొలత లేదు. ఉత్తరాన లీడ్స్ నుంచి లివర్‌పూల్ దాకా 127 మైళ్ల కాలువ ఉంది. 1816లో పూర్తయింది. దాని లాకులు వెడల్పులో రెండింతలు, కానీ చాలావరకు పొడవు 62 అడుగుల లోపే. ఇంకాస్త పక్కకి వెళ్తే కాల్డర్ అండ్ హెబుల్ అనే కాలువ. అక్కడ 57 అడుగుల 6 అంగుళాలు దాటితే కష్టం. ఎందుకంటే ఆ కాలువల్ని ఆ ప్రాంతపు పొట్టి వెడల్పు పడవల కోసం కట్టుకున్నారు. దక్షిణం నుంచి సన్న పడవలు వస్తాయన్న ఊహ వాళ్లకి అంతగా లేదు.

అంటే 57 అడుగుల పడవ దాదాపు దేశమంతా తిరగగలదు. 70 అడుగుల పడవకి లోపల ఒక గది ఎక్కువ, బయట బోలెడు ఊళ్లు తక్కువ. ఇల్లు ఎంత పెరిగితే మ్యాపు అంత చిన్నదైపోతుంది!

ఆవిడ తల్లి ఉండేది స్కిప్టన్‌లో. లీడ్స్-లివర్‌పూల్ కాలువ గట్టున ఉన్న సంత ఊరు. “70 అడుగులు చేస్తే మా అమ్మ దగ్గరికి నా ఇల్లు రాదు. రైల్లో నేను వెళ్లాలి” అందావిడ. “57 చేస్తే ఇంటితో సహా వెళ్తాను. వేసవంతా అక్కడే ఉంటాను.” అమ్మమ్మ ఇల్లు అంటే మనకే కాదన్నమాట.

ఇంకో విషయం కూడా ఉంది. గట్టున సొంత చోటు అద్దెకి తీసుకోని పడవలకి ఇక్కడో నియమం. మామూలుగా ఒకే చోట 14 రోజులకి మించి ఉండకూడదు. కదులుతూ ఉండాలి. 1995 నాటి చట్టం అది. కాబట్టి పడవ ఎన్ని చోట్లకి వెళ్లగలదు అన్నది షికారు ప్రశ్న కాదు, బతుకు ప్రశ్న. అలా 45కి 12 కలిపి 57 ఖాయమైంది. అరడుగు మిగులుతో.

ముందు ఎక్స్‌రే, తర్వాత ఆపరేషన్

కోసే ముందు సర్వేయరు వచ్చాడు. చేతిలో సెల్‌ఫోన్ అంత యంత్రం. దాని మొన పడవ అడుగు రేకుకి ఆనిస్తే, అల్ట్రాసౌండ్ పంపి రేకు మందం ఎంతో చెప్తుంది. గర్భిణికి స్కానింగ్ చేసినట్టే. రేకు మీద అడుగడుగునా చిన్న చుక్క పెట్టి తుప్పు గీకి, మందం చదివి, సుద్దతో రాసుకుంటూ పోయాడు.

కట్టినప్పుడు అడుగు రేకు 6 మి.మీ. ఇన్నేళ్లలో కాలువ నీళ్లు కొంత తినేశాయి. ఎక్కువ చోట్ల 5 పైనే చూపించింది. ఒకచోట, ఇంజన్ కింద, 4 కంటే తక్కువ వచ్చేసరికి సర్వేయరు రెండోసారి, మూడోసారి ఆనించి చూశాడు. ఇక్కడి ఇన్సూరెన్స్ వాళ్లకి సాధారణంగా 4 మి.మీ. అనేది లక్ష్మణరేఖ. అంతకంటే పల్చబడితే పైన ఇంకో ప్లేటు వేసి వెల్డింగ్ చేయమంటారు.

ఆ ‘పైన ఇంకో ప్లేటు’ అంటే మన వెల్డరు గారికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. “కింద కుళ్లిపోతున్నదాన్ని పైన కప్పి ఏం లాభం? రెండు రేకుల మధ్య తడి చేరితే లోపల ఏం జరుగుతుందో దేవుడికి తెలియాలి. పైగా ఒకటే బరువు” అంటాడు. ఆయన మాటే నాకు నచ్చింది. ఎక్కడ పల్చబడిందో అక్కడ చెడిన ముక్క తీసేసి కొత్తది పెట్టాలి. కానీ అందరి దగ్గరా అంత డబ్బుండదు. అందుకే రెండు రకాలూ నడుస్తున్నాయి. ఇక్కడ ఇంజన్ కింది ముక్క తీసేసే పెట్టారు.

ఈ స్కానింగ్ లేకుండా కోస్తే ఏమవుతుంది? కొత్త ప్లేటుకి పాత పల్చటి రేకుని అతకబోతే వెల్డింగ్ వేడికి పాతది కరిగి చిల్లులు పడుతుంది. అతుకు నిలబడాలంటే రెండు వైపులా దమ్ముండాలి. కాబట్టి ఎక్కడ కోయాలన్నది కూడా స్కానింగే చెప్పింది. సుద్ద గీత మొదట గీసిన చోటు నుంచి ఒకటిన్నర అడుగు ముందుకి జరిగింది.

మరి మధ్యలోనే ఎందుకు, చివర్లో అతికించొచ్చుగా? మా రూమ్మేట్ అడిగింది ఇదే. మన ఇళ్లలో పిల్ల ఎదిగితే పరికిణీకి అడుగున అంచు వేసి పొడవు పెంచుతారు కదా, అలాగన్నమాట. కుదరదు. పడవ ముక్కూ తోకా వంపులు తిరిగి ఉంటాయి. ముఖ్యంగా వెనక భాగం నీళ్లలో సన్నగా కోసుకుపోతూ ప్రొపెల్లర్‌కి నీళ్లు అందించాలి. ఆ వంపులు తీర్చడం గొప్ప పనివాళ్లు చేసే పని. మధ్య భాగమంటే ఉత్త పెట్టె. పెట్టెని పెంచడం తేలిక.

అదే సూత్రంతో పెద్ద పెద్ద ఓడల్నీ పెంచుతారు. 2005లో ‘ఎన్‌చాంట్‌మెంట్ ఆఫ్ ద సీస్’ అనే క్రూయిజ్ షిప్పుని రాటర్‌డామ్‌లో అడ్డంగా కోసి, మధ్యలో 22 మీటర్ల ముక్క పెట్టి అతికించారు. 22 మీటర్లంటే 72 అడుగుల పైమాటే. అంటే ఆ ఓడ నడుములో పెట్టిన ముక్క ఒక్కటే ఇక్కడి పూర్తి పొడవు నారోబోట్ అంత ఉంది!

కోత రోజు

కోయడానికి పట్టింది ఒక్క పూట. దానికి ముందు సిద్ధం చేయడానికి మూడు వారాలు.

గ్యాస్ సిలిండర్లు తీసేశారు. బ్యాటరీలు విప్పేశారు. కోత గీతకి అటు మూడడుగులు, ఇటు మూడడుగులు లోపలి చెక్క పలకలు, వైర్లు, నీళ్ల గొట్టాలు అన్నీ ఊడదీశారు. చెక్క వెనక చలికి అడ్డంగా పాతకాలపు థర్మోకోల్ పెట్టి ఉంది. దానికి ఆనుకున్న కరెంటు వైర్ల తొడుగు జిగురు జిగురుగా అయిపోయింది. థర్మోకోల్ తగిలితే పీవీసీ తొడుగులోని మెత్తదనం కారిపోయి, వైరు గట్టిపడి పగులుతుందట. పడవ కోయకపోయి ఉంటే, ఆ వైరింగ్ ఏ రాత్రో నిప్పు రాజేసేదేమో. ఆవిడ ఆ వైరు ముక్క చేతిలో పట్టుకుని చాలాసేపు ఏం మాట్లాడలేదు.

పడవ కింద దిమ్మలన్నీ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో చూడ్డానికి లేజర్ పెట్టారు. అయినా పెద్దాయన నమ్మలేదు. ముక్కు నుంచి తోక దాకా దారం లాగి, రసమట్టం పెట్టి మళ్లీ చూసుకున్నాడు. మన తాపీమేస్త్రి చేసే పనే. ఇక్కడ వేలెడు తేడా వస్తే, అతికాక పడవ ముక్కు ఒక దిక్కు, తోక ఒక దిక్కు చూస్తాయి.

ఉదయం ఎనిమిదింటికి కట్టర్ వెలిగించాడు. ముందు పైకప్పు, తర్వాత పక్కలు, చివరగా అడుగు. తిన్నగా ఒకే గీతలో కోయలేదు. అడుగు దగ్గర ఒక చోట, పక్కల దగ్గర కాస్త ఎడంగా, మెట్టులా కోశాడు. రేపు అతుకులన్నీ ఒకే వరసలో పడితే బలహీనత అంతా అక్కడే చేరుతుంది కదా. ఒకడు బకెట్టు నీళ్లతో, ఇంకొకడు తడి గోనెలాంటి గుడ్డతో లోపల కాపలా. నిప్పురవ్వ ఎక్కడ రాజుకుంటుందో తెలీదు.

“ఒరేయ్, దొండకాయ కోసినట్టు కోసేస్తున్నార్రా” అని మావాడు నోరు తెరిచాడు.

పదకొండున్నరకి చివరి అంగుళం తెగింది. టక్కుమని శబ్దం వస్తుందనుకున్నా. ఏమీ రాలేదు. ముందు సగాన్ని రోలర్ల మీద మెల్లగా లాగుతుంటే సందు ఒక అడుగు, రెండడుగులు, అలా పన్నెండున్నర దాకా తెరుచుకుంది. ఇటు వంటగది, అటు పడగ్గది, మధ్యలో ఇంగ్లండ్ ఆకాశం. ఆవిడ ఒక చేయి కడుపు మీద పెట్టుకుని నిలబడింది. భర్త మాత్రం ఆ పూట యార్డులోకి రాలేదు. గేటు బయట సైకిల్ మీద కూర్చున్నాడు. చూడలేనన్నాడు.

అతికేటప్పుడు తొందర పనికిరాదు

కొత్త ముక్క పక్కన ముందే తయారై ఉంది. అడుగు 10 మి.మీ., పక్కలు 6, పైకప్పు 4. ఈ రోజుల్లో కొత్త నారోబోట్లకి సాధారణంగా వాడే మందాలివి. పాత అడుగు 6 మాత్రమే కాబట్టి, కలిసే చోట కొత్త ప్లేటు అంచుని గ్రైండర్‌తో ఏటవాలుగా సన్నం చేశారు. మందం ఒక్కసారిగా మారితే అక్కడ ఒత్తిడి చేరుతుంది. లోపలి అడ్డ బద్దీలు, పొడుగు బద్దీలు పాతవాటికి సరిగ్గా ఎదురెదురుగా రావాలి. పైన నడిచే అంచూ, పక్కన గోడకి రాసుకునే ఇనప పట్టీ కూడా. గది గోడలు ఇక్కడ కాస్త లోపలికి వాలి ఉంటాయి, ఆ వాలు కూడా కలవాలి. నలభై ఏళ్లు గోడలకి గుద్దుకుని సొట్టలు పడిన పాత పడవకి, నిన్న ఫ్యాక్టరీలోంచి వచ్చిన తిన్నటి ప్లేటు! జాకీలతో, చీలలతో, పెద్ద సుత్తితో బతిమాలి బెదిరించి కలిపారు.

వెల్డింగ్ మొదలయ్యాక నాకు ఓపిక నశించింది. పది అంగుళాలు ఇటు వేస్తాడు. ఆపి, అవతలి పక్కకి వెళ్లి పది అంగుళాలు వేస్తాడు. మళ్లీ టీ తాగుతాడు. ఇనుము చల్లారాలట. వెల్డింగ్ చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. ఒక పక్కే ఏకబిగిన వేసుకుపోతే ఆ పక్కకి లాగేసి పడవ అరటికాయలా వంగిపోతుంది. అందుకే ఆ నిదానం. అతుకు లోపలా బయటా రెండు వైపులా వేశారు.

కారుతుందో లేదో చూసిన పద్ధతి మాత్రం భలే నచ్చింది. అతుకు మీద బయటి వైపు సుద్దపొడి కలిపిన నీళ్లు పూసి ఆరనిచ్చారు. లోపలి వైపు కిరోసిన్ పూశారు. నీళ్లు దూరలేని సందులో కూడా కిరోసిన్ దూరుతుంది. ఎక్కడైనా వెంట్రుకంత చిల్లు ఉంటే తెల్లటి సుద్ద మీద మరక కనబడుతుంది. ఒకచోట శనగగింజంత మరక వచ్చింది. పెద్దాయన ఏదో బూతు గొణిగి, అక్కడ గీకేసి మళ్లీ వేశాడు.

కొత్త ప్లేటు మీద ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నీలి నలుపు పొర ఒకటి ఉంటుంది. చూడ్డానికి రంగు వేసినట్టు ముచ్చటగా ఉంటుంది గానీ, దాన్ని వదిలేస్తే నీళ్లలో ఆ పొరకీ పక్కనున్న వట్టి ఇనుముకీ మధ్య బ్యాటరీలాగా పనిచేసి, వట్టి ఇనుముని గుంటలు గుంటలుగా తినేస్తుంది. అందుకని ఇసుకలాంటి ఇనప రవ్వలు కొట్టి ఆ పొర ఒలిచేశారు. తర్వాత తారు పూత. పక్కన మెగ్నీషియం దిమ్మలు వెల్డు చేశారు. పడవకి రావాల్సిన తుప్పుని అవి తీసుకుంటాయి. అరిగిపోతే మార్చుకోవాలి.

పొడవైన పడవ తేలికవుతుందా?

మధ్యలో ఇనుము పెట్టాం కదా, పడవ ఇంకా మునుగుతుందనుకున్నాను. లెక్క వేస్తే తలకిందులుగా వచ్చింది. 12 అడుగుల ముక్క, 6 అడుగుల 10 అంగుళాల వెడల్పు, 2 అడుగుల లోతు మునిగితే 164 ఘనపుటడుగుల నీళ్లని పక్కకి నెడుతుంది. అంటే సుమారు 4.6 టన్నులు. కొత్త ముక్కలో ఇనుము బరువు అందులో సగం కూడా ఉండదు. మిగతాది నీళ్లు పైకి నెట్టే బలం.

సంతోషమే కదా అనుకుంటాం. కానీ ఆ బలం మొత్తం నడుం దగ్గరే. వెనక ఇంజన్ బరువు, ముందు నీళ్ల ట్యాంకు బరువు. నడుం పైకి, చివర్లు కిందికి. సరిగ్గా కొత్త అతుకుల దగ్గరే పడవని వంచాలని చూస్తుంది. పొడవు పెరిగితే ఈ వంపు బలం కూడా పెరుగుతుంది. అందుకని కొత్త నేల కింద కాంక్రీటు పలకలు పరిచారు. పడవని తేలికగా ఉంచడం కాదు, ఎక్కడ బరువుండాలో అక్కడ ఉంచడం ముఖ్యం. ఉయ్యాల కట్టే గది కింద రెండు టన్నుల పైచిలుకు కాంక్రీటు ఉందంటే ఆ బిడ్డ పెద్దయ్యాక నమ్ముతుందో లేదో!

లాకుల్లో ఇంకో గండం ఉంది. ఎగువ తలుపు కింద నీళ్లలో ఒక రాతి మెట్టు ఉంటుంది. ‘సిల్’ అంటారు. దిగేటప్పుడు నీళ్లు తగ్గుతుంటే పడవ వెనక భాగం ఆ మెట్టు మీద చిక్కుకుందా, ముందు భాగం కిందికి దిగిపోతూ పడవ తలకిందులుగా వేలాడుతుంది. నిమిషాల్లో మునిగిపోయిన పడవలున్నాయి. అందుకే మెట్టు ఎక్కడి దాకా ఉందో గట్టు మీద తెల్లగీత గీస్తారు. 72 అడుగుల లాకులో 45 అడుగుల పడవకి బోలెడు చోటు. స్కిప్టన్ దారిలోని 62 అడుగుల లాకులో 57 అడుగుల పడవకి మిగిలేది ఐదడుగులు. ఆ ఐదడుగుల్లోనే చుక్కాని కూడా ఇమడాలి. పెద్దాయన భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి, “ఇప్పటి దాకా మీరు నడిపిన పడవ వేరు, ఇది వేరు. మళ్లీ నేర్చుకోండి” అని చెప్పాడు. ఆవిడ నోట్‌బుక్‌లో రాసుకుంది.

సగం పడవల కాలం

ఈ యార్డుకి ఎదురుగా ఇంకో పడవ నిలబెట్టి ఉంది. నల్లగా, రివెట్లతో, చూడగానే ముసలిదని తెలిసేలా. దాన్ని కూడా పొడవు పెంచుతున్నారు. కానీ కథ వేరు.

రెండో ప్రపంచ యుద్ధం ముందు దాకా ఇలాంటి పడవలు 70 అడుగులకి పైనే ఉండేవి. 1948లో కాలువల్ని ప్రభుత్వం తీసుకుంది. సరుకు రోడ్డెక్కింది. 1962-63 చలికాలంలో కాలువలు వారాల తరబడి గడ్డకట్టి, బొగ్గు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆ 1963లోనే ప్రభుత్వ సంస్థ సరుకు పడవలు చాలావరకు ఆపేసింది. తరాలుగా పడవల్లోనే పుట్టి పెరిగిన కుటుంబాలు గట్టెక్కాయి. మనం ‘గట్టెక్కడం’ అంటే కష్టం తీరడం. వాళ్లకి మాత్రం అక్కడి నుంచే మొదలైంది.

మిగిలిన పడవల్ని చౌకగా కొన్నవాళ్లు సెలవులకి షికారు కోసం మార్చుకున్నారు. అంత పొడవెందుకని కోసేశారు. కొన్నిటిని మధ్యకి కోసి, వెనక సగానికి కొత్త ముక్కు, ముందు సగానికి కొత్త తోక పెట్టి, ఒక పడవని రెండు పడవలు చేశారు. ఇప్పుడు పాత పడవల పిచ్చి ఉన్నవాళ్లు అలాంటి సగాల్ని వెతికి కొని, పోయిన నడుం మళ్లీ కట్టించి, పూర్తి పొడవు తెస్తున్నారు. ఏటా వేసవిలో బ్రాన్‌స్టన్ అనే ఊళ్లో జరిగే పాత పడవల పండక్కి వెళ్తే ఇలాంటివి వరసగా కనిపిస్తాయి. ఇక్కడి నుంచి అది కాలువ మీద రెండు రోజుల దారి.

ఇక్కడొక చిక్కు. రెండు సగాలనీ ఇద్దరు వేరు వేరు మనుషులు కొని, ఇద్దరూ పూర్తి పడవలు కట్టిస్తే, అసలు పడవ ఏది? పెద్దాయన్ని అడిగితే, “ఇంజన్ ఉన్న సగం వాడు తనదంటాడు, మిగతావాడు ఒప్పుకోడు. పబ్బులో కొట్టుకుంటారు” అన్నాడు. నా ఓటు ఇంజన్‌కి కాదు. ఎవరి సగంలో పాత రేకు ఎక్కువ మిగిలిందో వాళ్లదే అంటాను. ఈ ముసలి పడవ పాత చేత ఇనుముది. పొరలు పొరలుగా ఉండే ఆ ఇనుముకి కొత్త స్టీలుని వెల్డింగ్ చేస్తే సరిగ్గా పట్టదు. అందుకని ఎర్రగా కాల్చిన రివెట్లు పెట్టి ఇద్దరు మనుషులు చెరో పక్క సుత్తితో కొట్టి అతుకుతున్నారు, వందేళ్ల కిందటి లాగే. ఆ చప్పుడు కాలువ మీద చాలా దూరం వినిపిస్తుంది.

నీళ్లలోకి

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం క్రేన్ వచ్చింది. రెండు వెడల్పాటి బెల్టులు, కొత్త అతుకులకి దూరంగా వేశారు. పడవ గాల్లోకి లేచి కాలువ మీదకి వచ్చేసరికి అందరూ మాటలాపేశారు. నీళ్లకి తగిలాక కూడా బెల్టులు పూర్తిగా వదల్లేదు. పెద్దాయన టార్చిలైటుతో లోపలికి దూరి, అతుకు పొడవునా అరచేత్తో తడుముకుంటూ పోయాడు. ఇరవై నిమిషాలు. బయటికి వచ్చి చేయి చూపించాడు. పొడిగా ఉంది.

కాకపోతే పడవ ఎడమ పక్కకి కాస్త ఒరిగింది. కాంక్రీటు పలకలు నాలుగు అటు నుంచి ఇటు మార్చాక రసమట్టంలో బుడగ మధ్యకి వచ్చింది. కాగితాల పని ఇంకా ఉంది. ఇంత పెద్ద మార్పు చేస్తే పడవని మళ్లీ కొత్తదాన్ని చూసినట్టు పరీక్షించాలి. భద్రతా సర్టిఫికెట్, ఇన్సూరెన్సు, పెరిగిన పొడవుకి పెరిగిన లైసెన్సు ఫీజు.

వాళ్లు బయల్దేరింది ఆ తర్వాతి వారం. హాక్స్‌బరీ మలుపు దగ్గర చూద్దామని ముందే వెళ్లి నిలబడ్డాం. పబ్బు ముందు జనం గ్లాసులు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. అతను చుక్కాని పట్టుకున్నాడు, ఆవిడ ముందు కూర్చుంది. వంతెన కిందికి ముక్కు వచ్చింది, ఇంకా వస్తోంది, ఇంకా వస్తూనే ఉంది... పాత అలవాటు ప్రకారం తిప్పినట్టున్నాడు, ముక్కు వెళ్లి అవతలి గట్టుకి మెత్తగా ఆనింది. జనం ఓ అన్నారు. వెనక్కి లాగి, రెండోసారికి తిరిగాడు. చప్పట్లు.

పక్క నుంచి పోతుంటే కొత్త ముక్క తెలిసిపోతోంది. పాత రేకు మీద సొట్టలున్నాయి, దాని మీద లేవు. “స్కిప్టన్‌కి ఎన్ని లాకులు?” అని మావాడు అరిచాడు. ఆవిడ భుజాలెగరేసింది. లెక్కపెట్టలేదంది. డెలివరీ డేట్ మాత్రం జూన్ అంది.